పాలు తాపుతుంటే కడుపు రాదా?

"పిల్లకు పాలు తాపినన్ని దినాలు ఏం గాదు" అనే మాట నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ప్రతి బాలింత చెవిన పడుతుంది. అత్త చెప్తది, వదినె చెప్తది, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న పక్కింటి పెద్దమ్మ కూడా చెప్తది. ఆ మాట అబద్ధం కాదు. అయితే దానికి మూడు షరతులున్నాయి, ఆ షరతులు మాత్రం ఎవరూ చెప్పరు. మూడూ ఒకేసారి కుదిరినన్ని రోజులు పాలివ్వడం మంచి గర్భనిరోధక మాత్రకు ఏమాత్రం తీసిపోదు. ఒక్కటి తప్పినా ఆ రోజు నుంచి దాన్ని నమ్ముకోకూడదు. షరతు తప్పిందని ఒంట్లో నొప్పి రాదు, గుర్తు కనిపించదు. అందుకే ఇంత మంది సంకలో బిడ్డ ఉండగానే మళ్లీ నెల తప్పుతున్నారు.

షరతులు ఇవి. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. కాన్పు తర్వాత నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. బిడ్డ పగలూ రాత్రీ తల్లి పాల మీదే, రొమ్ము చీకుతూనే పెరుగుతుండాలి. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో వివిధ దేశాల నిపుణులు కూర్చొని అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి తేల్చిన సంగతి ఇది. మూడూ కుదిరితే మొదటి ఆరు నెలల్లో రక్షణ నూటికి 98 దాకా ఉంటుందని చెప్పారు. అంటే ఈ పద్ధతి పాటించే వంద మంది తల్లుల్లో ఆరు నెలల్లో గర్భం వచ్చేది ఇద్దరికే. చాలా పక్కాగా పాటించే వాళ్లలో ఆ ఇద్దరు కూడా ఉండరు, వందకు ఒకరికంటే తక్కువ. దవాఖానల్లో దీన్ని 'లామ్' పద్ధతి అంటారు. మన ప్రభుత్వ కుటుంబ నియంత్రణ పద్ధతుల్లో దీనికీ చోటుంది. కాబట్టి దీన్ని ముసలమ్మల ముచ్చట అని కొట్టిపారేసే డాక్టరు మాటా సరి కాదు, బిడ్డకు రెండేళ్లొచ్చినా పాలున్నాయి కదా అని ధీమాగా ఉండడమూ సరి కాదు.

ఇది ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే షరతులు ఎందుకు పెట్టారో దానంతటదే అర్థమవుతుంది. బిడ్డ చనుమొన చీకినప్పుడల్లా అక్కడి నరాల నుంచి మెదడులోని హైపోథాలమస్‌కు సంకేతం పోతుంది. మామూలు రోజుల్లో ఆ హైపోథాలమస్ గంటకో, గంటన్నరకో ఒకసారి చిన్న చిన్న మోతాదుల్లో ఒక హార్మోను వదులుతుంటుంది. దాని వల్లే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను విడుదలై, అండాశయంలో అండం పండి బయటపడుతుంది. బిడ్డ మాటిమాటికి చీకుతుంటే ఆ లయ చెదిరిపోతుంది. ఎల్‌హెచ్ సరిపడా రాదు, అండం పండదు. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ కూడా ఆ రోజుల్లో ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది: గర్భాన్ని ఆపేది రొమ్ములో ఉన్న పాలు కావు, బిడ్డ చీకుడు. ఎన్నిసార్లు చీకింది, మధ్యలో ఎంత ఎడం వచ్చింది అన్నదే లెక్క. పాలు ధారగా కారుతున్నా చీకుడు తగ్గితే అండం పండడం మొదలవుతుంది.

అందుకే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోసే తల్లులు ఈ పద్ధతిని నమ్ముకోకూడదు. తక్కువ బరువుతో పుట్టి నవజాత శిశువుల వార్డులో రోజుల తరబడి ఉన్న బిడ్డ తల్లికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆమె పిండి ఇచ్చే పాలు ఆ బిడ్డకు ప్రాణం, అందులో రెండో మాట లేదు. గర్భం విషయంలో మాత్రం ఆమెను అసలు పాలివ్వని తల్లి కింద లెక్కేసుకోవాలి. పాలివ్వని తల్లికి కాన్పైన నాలుగు వారాలకే అండం పడే అవకాశముంది. కడుపులోనో, పుట్టాకో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆ దుఃఖంలో ఆ మాట ఎట్లా ఎత్తాలా అని అందరూ ఊరుకుంటారు. ఆమెకే ముందు చెప్పాలి, ఒళ్లు ఇంకా కోలుకోకముందే మళ్లీ గర్భం నిలిచే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఆమెకే.

ఇక లెక్కలు. మొదటి కొన్ని వారాలు రోజుకు పది, పన్నెండు సార్లు పాలు తాపాలి. తర్వాత ఎనిమిది నుంచి పది సార్లు, అందులో కనీసం ఒకటి రాత్రిపూట. పగలు రెండు పాల మధ్య నాలుగు గంటలకు మించి ఎడం రావద్దు, రాత్రి ఆరు గంటలకు మించి రావద్దు. మొదటి నెలలో ఇదేమీ కష్టమనిపించదు. పురిట్లో తల్లీ బిడ్డా ఒకే మంచంలో ఉంటారు, ఏడ్చినప్పుడల్లా రొమ్ము నోట్లో పెడతారు. మూడో నెల నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది.

దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తి ఏరే రోజుల్లో ఒక కూలి తల్లి దినం చూడండి. తెల్లారి ఆరున్నరకు బిడ్డకు కడుపునిండా పాలు తాపుతుంది. ఏడుకు సద్ది మూట కట్టుకొని ఆటో ఎక్కుతుంది. పదకొండు దాటేసరికి రొమ్ములు రాయిలా గడ్డకడతాయి, రవికె తడుస్తుంది. ఒక పక్కకు పోయి పాలు మట్టిలోకి పిండేసి మళ్లీ సాలులోకి వస్తుంది. ఒంటిగంటకు అన్నం, సాయంత్రం తూకం అయ్యేదాకా ఏరుడు. ఇల్లు చేరేసరికి ఆరు. ఈ పదకొండు, పన్నెండు గంటలు బిడ్డకు నాయినమ్మ డబ్బా పాలో, నీళ్లు కలిపిన బర్రె పాలో పట్టింది. రాత్రంతా బిడ్డ రొమ్ము వదలదు, తల్లికి నిద్ర లేదు. ఎవరైనా అడిగితే ఆమె "పాలే తాపుతున్న" అనే చెప్తుంది. ఆమె దృష్టిలో అది నిజమే. కానీ పగలు నాలుగు గంటల షరతు పొద్దున పదిన్నరకే తప్పింది. బిడ్డకు నాలుగో నెల, ముట్టు రాలేదు, పాలు పుష్కలంగా ఉన్నాయి. అన్నీ బాగున్నట్టే ఉంటుంది, రక్షణ మాత్రం లేదు.

చిలీ దేశంలో బయటి పనులకు పోతూ పాలు పిండి ఇచ్చే తల్లులను గమనిస్తే ఆరు నెలల్లో నూటికి సుమారు ఐదుగురికి గర్భం వచ్చింది. వాళ్లు పద్ధతి తెలుసుకొని, పనిలో ఉండగా పాలు పిండుతూ జాగ్రత్తగా పాటించిన వాళ్లు. మన దగ్గర నాట్ల కాలంలో, పత్తి కాలంలో పోతపాలు కలుస్తాయి కాబట్టి ఇంకా తక్కువ నమ్మాలి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు 2017లో వచ్చిన చట్ట సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవుంది, అంటే దాదాపు ఈ ఆరు నెలలూ. కూలి తల్లికి అటువంటిది లేదు. ఆమెకు నేను చెప్పేది ఒకటే: పని ఊరి పక్క చేనులో ఉంటే పదింటికి, రెండింటికి బిడ్డను చేను దగ్గరికి తెప్పించుకొని గట్టు మీద పాలు తాపండి, షరతు నిలుస్తుంది. ఆటో ఎక్కి పక్క మండలం పోవాల్సి వస్తే, మొదటి రోజు ఆటో ఎక్కేలోపే వేరే పద్ధతి మొదలుపెట్టి ఉండాలి.

పనికి పోని ఇళ్లలో షరతు తప్పేది నీళ్ల దగ్గర. రోహిణి కార్తెలో నల్లగొండ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. బిడ్డ నాలుక ఆరిపోతుందని ఉగ్గుగిన్నెడు నీళ్లు, కాస్త చక్కెర కలిపి పోస్తారు. తల్లి పాలలో నూటికి 88 పాళ్లు నీళ్లే. ఎంత ఎండలోనైనా ఆరు నెలల్లోపు బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు, దాహమైతే ఇంకోసారి రొమ్ము పడుతుంది. తల్లే ఎక్కువ నీళ్లు తాగాలి. పిడికెడంత కడుపు నీళ్లతో నిండితే తర్వాతి పాలు ఆలస్యమవుతాయి, చీకడం తగ్గుతుంది. గ్రైప్ వాటర్, తేనె, వస, నెలకోసారి ఆముదం, అన్నిటిదీ ఇదే దారి. తేనె, ఆముదం బిడ్డకు నేరుగా హాని చేయవచ్చు కూడా. డాక్టరు రాసిన విటమిన్ చుక్కలో, మందో ఇస్తే మాత్రం షరతు తప్పినట్టు కాదు. బిడ్డ తాగే వాటిలో నాలుగింట మూడొంతులకు మించి రొమ్ము పాలే అయితే ఎప్పుడో ఒకసారి పోసిన చెంచా నీళ్లతో లెక్క చెడదు. చెంచా రోజువారీ అలవాటై, గ్లాసు అయిన నాడు చెడుతుంది. నోట్లో రబ్బరు పీక పెట్టి ఊరుకోబెట్టినా అంతే, రొమ్ము దగ్గర జరగాల్సిన చీకుడు పీక దగ్గర జరిగిపోతుంది.

రాత్రి సంగతి ఇంకో తీరు. మూడు, నాలుగు నెలలకు కొందరు పిల్లలు రాత్రి తొమ్మిదికి పడుకుంటే తెల్లారి ఐదింటికి గానీ లేవరు. అమ్మకు సుఖం, అందరూ "బంగారు బిడ్డ" అంటారు. ఎనిమిది గంటల ఎడం వచ్చిందని ఎవరికీ తట్టదు. ఈ పద్ధతిని నమ్ముకున్న తల్లి రాత్రి రెండు, మూడింటికి బిడ్డను మెల్లగా లేపి పాలు తాపాలి. అది వీలుకాదనిపిస్తే వేరే పద్ధతికి మారడమే మంచిది. బిడ్డను నిద్ర లేపలేని తల్లిని తప్పుపట్టడానికి లేదు, ఆమెకూ నిద్ర కావాలి.

నెలసరి విషయంలో రెండు గందరగోళాలున్నాయి. కాన్పు తర్వాత వచ్చే మైల కొందరికి నాలుగు వారాలకు ఆగితే, కొందరికి ఆరు వారాలు దాటినా చుక్కలు చుక్కలుగా వస్తుంది. మొదటి రెండు నెలల్లోపు, అంటే 56 రోజుల్లోపు కనిపించేదాన్ని నెలసరి కింద లెక్కేయరు. 56 రోజులు దాటాక వరుసగా రెండు రోజులు రక్తం కనిపిస్తే అది కొంచెమైనా సరే నెలసరే. "మామూలుగా రాలేదు, ఊరికే కనిపించి పోయింది" అని వదిలేయొద్దు. ఆ రోజుతో ఈ పద్ధతి ముగిసింది.

రెండో గందరగోళం ఇంకా పెద్దది. చాలామంది "ముట్టు వచ్చినంక చూద్దాం" అని ఆగుతారు. ఒంట్లో జరిగే వరుస చూడండి. ముందు అండం పడుతుంది, గర్భం నిలవకపోతే దాదాపు రెండు వారాల తర్వాత ముట్టు వస్తుంది. ఆ అండం పడిన రోజుల్లోనే కలిస్తే ముట్టు రాకుండానే గర్భం నిలుస్తుంది. కాన్పు తర్వాత ఒక్కసారి కూడా బయట చేరని ఆమె, ఐదో నెల కడుపు కనిపించేదాకా "పాల వల్ల ముట్టు రాలేదు" అనే అనుకుంటుంది. మొదటి ఆరు నెలల్లో గట్టిగా పాలిస్తున్న వాళ్లకు మొదటి ముట్టు సాధారణంగా అండం లేకుండానే వస్తుంది, అందుకే అప్పటిదాకా ముట్టును హెచ్చరికగా నమ్మవచ్చు. కాలం గడిచేకొద్దీ ముట్టు కంటే ముందు అండం పడే అవకాశం పెరుగుతూ పోతుంది. ఆరు నెలల గీత అక్కడ గీయడానికి కారణాల్లో ఇదొకటి. రెండోది, ఆరు నెలల తర్వాత బిడ్డకు అన్నం మొదలవుతుంది, చీకుడు తగ్గుతుంది.

అన్నం అంటే అన్నప్రాశన గుర్తొస్తుంది. ఆడపిల్లకు బేసి నెల, మగపిల్లవాడికి సరి నెల అని చూసే ఇళ్లలో ఆడపిల్లకు ఐదో నెలలోనే ముహూర్తం పెడతారు. వేడుకలో నాలుకకు రాసిన పాయసంతో ఏమీ కాదు. ఆ మర్నాటి నుంచి రోజూ ముద్దపప్పు, బిస్కెట్ పాలు మొదలుపెడితేనే చిక్కు. బిడ్డ ఒంటికీ అది తొందరే, 180 రోజులు నిండాకే పైతిండి. వేడుక చేసుకోండి, రోజువారీ తిండి మాత్రం ఆరో నెల నిండాక పెట్టండి.

మన దగ్గర ఇంకో మలుపుంది. మొదటి కాన్పు తల్లిగారింట్లో అవుతుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను తొట్టెలతో సహా అత్తగారింటికి తోలుతారు. అప్పటిదాకా భార్యాభర్తలు ఎడంగానే ఉంటారు, గర్భం మాట రాదు. అత్తగారింటికి వచ్చిన వారంలోనే రెండూ మారతాయి. కలవడం మొదలవుతుంది, ఇంటి పని మీద పడి పాలు తాపే సార్లు తగ్గుతాయి. రక్షణ ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే అది పల్చబడుతుంది. కాబట్టి ఏ పద్ధతి వాడాలో తల్లిగారింట్లో ఉండగానే, భర్తతో ఫోన్‌లోనైనా మాట్లాడుకొని తేల్చుకోవాలి. కూతుర్ని తోలేటప్పుడు చీర, సారె సర్దే తల్లి ఈ మాట కూడా అడగాలి. అడగడానికి సిగ్గుపడే ఇళ్లలో ఆశమ్మ చేత అడిగించాలి.

మూడు షరతులూ గుర్తుపెట్టుకొని రోజూ చూసుకోవడం అందరికీ అయ్యే పని కాదు. బిడ్డ టీకాల రోజులకు దాన్ని కలిపేసుకుంటే తేలిక. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకా ఉంటుంది. ఆ మూడు రోజులూ సిస్టరమ్మ దగ్గరికి ఎట్లాగూ పోతారు. కార్డు తీయగానే మూడు ప్రశ్నలు వేసుకోండి: రక్తం కనిపించిందా, పైపాలు గానీ నీళ్లు గానీ మొదలయ్యాయా, పగలో రాత్రో ఎడం పెరిగిందా. ఒక్కదానికి 'అవును' అని వచ్చినా అదే రోజు, అదే బల్ల దగ్గర వేరే పద్ధతి అడగండి. పద్నాలుగు వారాల టీకా తర్వాత ఆరు నెలలు నిండేదాకా మధ్యలో అడిగేవాళ్లుండరు. అందుకే ఆరు నెలలు నిండే తేదీని ముందే కార్డు మీద రాయించుకోవాలి, దానికి రెండు వారాల ముందే పద్ధతి మార్చుకోవాలి.

మారితే దేనికి? పాలిచ్చే తల్లికి దారులు చాలానే ఉన్నాయి. కాపర్-టీ కాన్పు గదిలోనే, మాయ పడిన పది నిమిషాల్లోపు గానీ 48 గంటల్లోపు గానీ వేస్తారు. సిజేరియన్ అయితే కుట్లు వేసేలోపే వేయవచ్చు. ఆ గడువు దాటితే ఆరు వారాల తర్వాతే. 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి, ఎప్పుడు వద్దంటే అప్పుడు తీస్తారు. పాల మీద దాని ప్రభావం లేదు. కాన్పప్పుడే వేసినది, తర్వాత వేసినదానికంటే జారిపోయే అవకాశం కొంచెం ఎక్కువ. కాబట్టి ఆరు వారాల టీకా రోజున చూపించుకొని ఉందని రూఢి చేసుకోవాలి. అది గుండెలోకి ఎక్కుతుందనేది వట్టి భయం, గర్భసంచి నుంచి గుండెకు పోయే తోవ లేదు. చాలా అరుదుగా వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు, దానికే వేసే చేయి అలవాటున్నదై ఉండాలి. మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువగా అవుతుంది. రక్తం బాగా తక్కువున్న ఆమె ముందు ఐరన్ మాత్రలతో దాన్ని సరిచేసుకోవడమో, అంతరా సూది వైపు చూడడమో మంచిది.

అంతరా అంటే మూడు నెలలకోసారి వేసే సూది. పాలిచ్చే తల్లికి ఆరు వారాలు నిండాక వేస్తారు, అంటే బిడ్డ మొదటి పెంటావాలెంట్ టీకా రోజే తల్లి సూదీ అయిపోవచ్చు. వేయించుకున్నచోట రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు, మందు తొందరగా కరిగిపోయి మూడు నెలలు నిలవదు. ముట్టు అడ్డదిడ్డంగా చుక్కలుగా రావడం, తర్వాత మొత్తానికే ఆగిపోవడం దీని లక్షణం. ఇది ముందే చెప్పకపోతే భయపడి రెండో సూదికే మానేస్తారు. మానేశాక మళ్లీ గర్భం రావడానికి చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు, ఏడాదిలోపే ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఇది కుదరదు. పాలమూరు నుంచి పుణె, ముంబై, హైదరాబాద్ పనులకు వలస పోయే కుటుంబాలు సూది కార్డు వెంట పెట్టుకోవాలి. గడువుకు రెండు వారాల ముందు గానీ, తప్పితే నాలుగు వారాల లోపు గానీ ఎక్కడైనా వేయించుకోవచ్చు. ఎక్కడ ఉంటామో తెలియని వాళ్లకు కాపర్-టీయే నిశ్చింత.

ఛాయ మాత్ర హార్మోను మాత్ర కాదు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మన మందు. బయట మందుల దుకాణాల్లో సహేలీ పేరుతో అమ్ముతారు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆదివారం మొదలుపెడితే ఆదివారం, బుధవారం. నాలుగో నెల నుంచి ఆదివారం ఒక్కటే. పాలకు ఇబ్బంది లేదు. తప్పేది ఇక్కడే: నాలుగో నెలలో రెండుసార్లు వేసుకునేవాళ్లు కొందరు, మొదటి నెలలోనే వారానికి ఒకటికి దిగేవాళ్లు కొందరు. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకొని, తర్వాతి ముట్టు దాకా నిరోధ్ కూడా వాడాలి. వారానికి మించి మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి వారానికి రెండు. కాలేయ జబ్బు, కామెర్లు, అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నవాళ్లు ఇది వాడకూడదు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రోజన్ ఉంటుంది. అది పాలను తగ్గిస్తుంది, కాన్పైన మొదటి వారాల్లో రక్తం గడ్డకట్టే ముప్పునూ పెంచుతుంది. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా దాని జోలికి పోవద్దు. వదినె వాడుతున్న మాత్రల అట్టను తెచ్చుకొని వేసుకోవడం చాలాచోట్ల జరుగుతున్నది, అది ఆపాలి.

ఇక పిల్లలు చాలనుకున్న జంటకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. తెలంగాణలో ఆపరేషన్ అంటే ఆడమనిషికే అన్నట్టు అయిపోయింది. మగవాళ్లకు కత్తిపెట్టని, కుట్టు లేని వేసెక్టమీ ఉంది, అదే రోజు ఇంటికి నడిచి రావచ్చు. దాని తర్వాత వీర్యంలో కణాలు పూర్తిగా పోవడానికి మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలు వేరే రక్షణ కావాలి. బిడ్డ పుట్టిన మొదటి నెలలో భర్త ఆపరేషన్ చేయించుకుంటే, మూడు షరతులూ నిలిచినన్ని రోజులు భార్య పాలివ్వడమే ఆ మూడు నెలలూ కాపు కాస్తుంది. మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించి కణాలు లేవని తేలితే ఇంకేమీ అక్కర్లేదు. కడుపు మోసి, కోతపడి, రాత్రుళ్లు పాలిస్తున్న మనిషి మీద ఇంకో కోత ఎందుకు?

పద్ధతి కోసం పోయినప్పుడు "ముట్టు వచ్చాక రా అమ్మా" అని తిప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు. ఆరు నెలల్లోపు బిడ్డ, పూర్తిగా రొమ్ము పాలు, ముట్టు రాలేదు అనే మూడూ ఉంటే ఆమె గర్భంతో లేదనే లెక్క. సిస్టరమ్మల దగ్గర ఉండే ప్రశ్నల పట్టికలోనే అది ఉంది. ఆ రోజే కాపర్-టీ వేయవచ్చు, సూదీ ఇవ్వవచ్చు. ముట్టు కోసం ఎదురుచూడమంటే ముందు చెప్పిన గండంలోకి తోసినట్టే. పంపేస్తుంటే "నేను పాలిస్తున్న, ఆరు నెలలు కాలేదు, పట్టిక చూడండి" అని నిలబడి అడగండి.

రెండు కాన్పుల మధ్య ఎడం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే పది కాన్పుల్లో ఆరు సిజేరియన్లు. కోసి కుట్టిన గర్భసంచికి మచ్చ గట్టిపడే వ్యవధి కావాలి. అది దొరకకముందే మళ్లీ బిడ్డ పెరిగితే, నొప్పులప్పుడు ఆ కుట్టు దగ్గర విచ్చుకునే ముప్పు పెరుగుతుంది. కాన్పైన రెండేళ్లకు గానీ మళ్లీ గర్భానికి ప్రయత్నించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మామూలు కాన్పైనా మాట ఇదే, ఒంట్లో ఐరన్ నిల్వలు నిండడానికి ఆ మాత్రం కాలం పడుతుంది.

షరతు తప్పిన రోజుల్లో కలిశారని అనుమానం వస్తే 72 గంటల్లోపు ఈజీ పిల్ ఒక్కటి వేసుకోవచ్చు. పాలిస్తూనే వేసుకోవచ్చు, ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది. నెలనెలా దాని మీదే ఆధారపడొద్దు. మూడు వారాలు గడిచాక ఆశమ్మ దగ్గర దొరికే నిశ్చయ్ కిట్‌తో పొద్దుటి మూత్రం పరీక్ష చేసుకోండి, పాలివ్వడం వల్ల ఆ ఫలితం తారుమారు కాదు. ఒంట్లో వికారం, రొమ్ముల్లో నొప్పి, బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము వద్దని తల తిప్పుకోవడం కనిపిస్తే ముట్టు కోసం చూడకుండా పరీక్ష చేసుకోవాలి. గర్భం నిలిచి, వద్దనుకుంటే 1971 చట్టం పెట్టిన షరతుల మేరకు దవాఖానలో తీయించుకోవచ్చు. ఎంత ముందు పోతే అంత తేలిక. మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కొని ఇంట్లో వేసుకోవద్దు, ముఖ్యంగా సిజేరియన్ మచ్చ ఉన్నవాళ్లు.

ఉంచుకోవాలనుకుంటే సంకలో బిడ్డకు పాలు మాన్పించాల్సిన పని లేదు. కడుపుతో ఉన్న తల్లి పాలు విషమవుతాయని, చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయని అంటారు, అది నిజం కాదు. నెలలు పెరిగేకొద్దీ పాలు తగ్గుతాయి, రుచి మారుతుంది, కొందరు పిల్లలు తమంతట తామే మానేస్తారు. ముందు నెలలు నిండకుండా కాన్పైనవాళ్లు, ఇప్పుడు రక్తం కనిపిస్తున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి కొనసాగించాలి. బిడ్డకు ఆరు నెలలు నిండకముందే ఇట్లా అయితే పాలు చాలుతున్నాయో లేదో అంగన్‌వాడీలో ప్రతి నెలా తూకం వేయించి చూడాలి. రెండు తూకాల మధ్య బరువు పెరగకపోతే ఏం పట్టాలో డాక్టరునే అడగాలి, బర్రె పాలలో నీళ్లు కలిపి పట్టొద్దు. అంగన్‌వాడీలో తల్లికిచ్చే పూట భోజనం, గుడ్డు, పాలు ఆమే తినాలి, ఇంటికి తెచ్చి పంచొద్దు.